కార్డులో ఆఖరి గీత

4 ఫిబ్రవరి 2001, ఆదివారం

పొద్దున 18 యూనిట్లు. ఇడ్లీ నాలుగు. సాయంత్రం 10. హోటల్ భోజనం.

డాక్టరు గారు ఇలా రాయమన్నారు. ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ పొడుచుకున్నాను, ఎప్పుడు తిన్నాను, ఏం తిన్నాను, అంతే. ఆయన చెప్పి నాలుగు నెలలు దాటింది. పత్తి మిల్లు వాళ్ళు పంచిన డైరీ టీవీ మీద పడి ఉంటే ఈ రోజు తీశాను. తీశాక ఒక్క లైనుతో ఆపడానికి మనసొప్పలేదు. పొద్దుటి నుంచి నేనెవరితోనూ మాట్లాడలేదు మరి. ఆదివారం, మిర్చి యార్డుకు సెలవు. మేడ దిగి కింద జమీలా షాపుకు వెళ్ళి "సీసా ఇవ్వమ్మా" అన్నాను. "తిన్నారా అన్నయ్యా?" అంది. "తింటాలే" అన్నాను. రోజు మొత్తానికి నా సంభాషణ ఇదే.

నలభై ఆరేళ్ళ మనిషిని. మద్రాసు ఎగుమతి కంపెనీ తరఫున గుంటూరు యార్డులో మిరపకాయలు కొంటాను. టిక్కీ బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే చాలు, ఎన్నాళ్ళు ఆరిన సరుకో అంకమ్మరావు చెప్పేస్తాడని పేరు. అలాంటివాణ్ణి కూల్ డ్రింకుల షాపు వెనక ఖాళీ సీసాల క్రేట్ల మధ్య నిలబడి, చొక్కా ఎత్తి పొట్టలో సూది పొడుచుకుంటున్నాను.

6 ఫిబ్రవరి

18. పూరీ. 10. పెరుగన్నం.

9 ఫిబ్రవరి, శుక్రవారం

18. ఉప్మా. మధ్యాహ్నం భోజనం ఆలస్యం.

యార్డులో ఈ రోజు చిన్న తలవంపు. మా దగ్గర పాతకాపులు ఇంకా తువ్వాలు కిందే బేరమాడతారు. ఇద్దరి చేతుల మీద గుడ్డ కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటాం, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. కమీషన్ కొట్టు చెంచయ్య గారితో బేరం. ఒంటిగంట దాటింది, అన్నం తినలేదు. తువ్వాలు కింద నా వేళ్ళు గడగడ వణికాయి. అరచేతిలో చెమట.

చెంచయ్య గారు చెయ్యి వదిలేసి నా ముఖం చూశాడు. "ఏంటయ్యా, రాత్రిది ఇంకా దిగలేదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నిన్న కొంచెం ఎక్కువైందండీ" అన్నాను.

నిన్న నేను చుక్క ముట్టలేదు. కానీ తాగుబోతన్నా యార్డులో బేరం ఆగదు. రోగిష్టి అని తెలిస్తే, ఎప్పుడు ఎక్కడ పడిపోతాడో అని కంపెనీ ఇంకొకణ్ణి చూసుకుంటుంది. అందుకే నవ్వాను. పక్కకు వెళ్ళి టీలో మూడు చెంచాల పంచదార వేయించుకుని తాగితే వణుకు తగ్గింది.

14 ఫిబ్రవరి

18. 10.

ఇంట్లో ఫ్రిజ్ ఉంది. ఖాళీగానే ఉంది. అయినా సీసా జమీలా ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాను. నా భార్య కోటేశ్వరి ఉన్నప్పుడు ఆమెకు కనబడకూడదని పెట్టాను. ఇప్పుడు అలవాటైపోయింది, అంతే.

18 ఫిబ్రవరి, ఆదివారం

కోటేశ్వరి చీరాలలో వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళి మూడు నెలలైంది. పిల్లల్లేరు కాబట్టి పంచుకోవడానికి ఏమీ లేదు, చీరల పెట్టె పట్టుకుని ఉండిపోయింది. తప్పు నాదే, నేనేమీ బుకాయించను. కార్తీకంలో వాళ్ళ అన్నయ్య గృహప్రవేశం. వ్రతం అయ్యి భోజనాలు వడ్డించేసరికి మూడు. ఈలోగా మగవాళ్ళందరం కారు వెనక రెండేసి వేసుకున్నాం. తర్వాత నేను పందిట్లో తూలానట. బావగారిని నోటికొచ్చినట్టు తిట్టానట. చివరికి వాళ్ళ చెప్పుల మీద పడిపోయానట. నాకేదీ గుర్తు లేదు. సెలైన్ బాటిల్ దగ్గర మెలకువ వచ్చింది. ఆస్పత్రిలో వాళ్ళకు కూడా తాగి పడిపోయాడనే చెప్పారు.

"నేను గుంటూరు రాను" అంది కోటేశ్వరి.

రెండు పెగ్గులకు పడిపోయే మనిషినా నేను?

ఆ రోజు పన్నెండింటికే భోజనమని చెబితే పదకొండున్నరకు బాత్రూములో ఇంజెక్షన్ వేసుకున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు. మా నాన్నకు సూది మొదలుపెట్టిన ఏడాదిలోనే కాలు తీసేశారు, తర్వాత మనిషే పోయాడు. మా ఇంట్లో సూది అంటే ఇక అయిపోయినట్టే లెక్క. కోటేశ్వరికి చెబితే ఏడుస్తుంది. ఏడిపించడం ఎందుకని చెప్పలేదు.

27 ఫిబ్రవరి, మంగళవారం

18. దోసెలు. లేబులో షుగర్ 268.

డాక్టరు గారు ఈ డైరీ అడిగారు. ఇంట్లో మరిచిపోయానని చెప్పాను. పక్క సంచిలోనే ఉంది. ఇందులో ఉన్నవి ఆయనకు చూపించేవా?

"తాగుతారా?" అన్నారు.

"అప్పుడప్పుడండీ. మా వ్యాపారంలో తప్పదు."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, లేచి వచ్చేసేవాణ్ణి. నెమ్మదిగా చెప్పారు. మానేస్తే మంచిది. మానలేకపోతే ఖాళీ కడుపుతో మాత్రం తాగొద్దు, ముందు అన్నమో ఇడ్లీయో పడాలి. విందు ఉంది కదా అని నా అంతట నేను యూనిట్లు పెంచకూడదు. ప్లేటు కళ్ళ ముందుకు వచ్చాకే ఇంజెక్షన్ సంగతి. తాగినప్పుడు లివరు ఆ మందును అరిగించే పనిలో పడిపోతుందట, షుగర్ కింద పడిపోతుంటే అందించదట. అప్పుడే కాదు, మర్నాడు పొద్దున కూడా పడిపోవచ్చట. "అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఉన్నవాళ్ళకు చెప్పి ఉంచండి. షుగర్ పడిపోయినవాడూ తాగినవాడూ చూడడానికి ఒకలాగే ఉంటారు. వాసన కూడా వస్తుంటే ఇక ఎవరికీ అనుమానం రాదు" అన్నారు.

పందిట్లో చెప్పుల మీద పడ్డానన్న మాట గుర్తొచ్చింది.

ఒక కార్డు ఇచ్చారు. పేరు, వాడే ఇన్సులిన్, స్పృహ తప్పుతున్నట్టుంటే తీపి పెట్టమని, పూర్తిగా తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తెమ్మని. ఆఖర్న ఒక గీత: ఎవరికి ఫోన్ చేయాలి.

అన్నీ నింపాను. ఆఖరి గీత తర్వాత నింపుతాను.

1 మార్చి

కార్డు జేబులో ఉంది. ఆఖరి గీత ఖాళీ.

8 మార్చి, గురువారం

18. మధ్యాహ్నం చిలకలూరిపేట రోడ్డు మీద దాబా.

శ్యామ్ సుందర్ పిలిచాడు. వీడు ఇంకో కంపెనీకి కొంటాడు. యార్డులో పోటీ, బయట జిగిరీ. మా వాళ్ళ పద్ధతి ఒకటుంది, దాన్ని ఏ డాక్టరూ మార్చలేడు. అన్నం వచ్చిందంటే ఇక సిట్టింగు అయిపోయినట్టే. అందుకే బిర్యానీ ఎప్పుడూ చివర్లో. ముందు పల్లీలు, కోడి వేపుడు, గుడ్లు. మధ్యలో ఎవడైనా అన్నం అడిగాడా, వాడి పని అయిపోయింది.

నేను అడిగాను. "ఒరేయ్, నాకు ముందు ఒక ప్లేటు చెప్పరా."

"ఏరా, అప్పుడే అన్నమేంట్రా? ఇంటికాడ ఎవరన్నా ఎదురుచూస్తన్నారా?" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. నేను నవ్వేశాను.

అయితే నేనేమీ తెలివితక్కువవాణ్ణి కాదు. చెయ్యి కడుక్కునే వంకతో వెళ్ళి కౌంటరు దగ్గర పంచదార ఓ గుప్పెడు నోట్లో వేసుకుని వచ్చాను. ఏమీ కాలేదు. కిటుకు పట్టుకున్నాను. డాక్టర్లు ఊరికే భయపెడతారు.

9 మార్చి

లేబులో 310. ఇది రాయకూడదనుకున్నాను.

24 మార్చి, శనివారం

18. 10.

రేపు వాడరేవు, సముద్రం దగ్గరికి. శ్యామ్ సుందర్ జీపు మాట్లాడాడు, నలుగురం. సోమవారం ఉగాది కాబట్టి యార్డు వరసగా రెండు రోజులు సెలవు. అందరూ ఆదివారం తిరిగొచ్చి ఇళ్ళకు పోతారు. నేనూ ఇంటికే వస్తాను, మేడ మీదికి.

వాడరేవుకు చీరాల మీదుగానే వెళ్ళాలి. వాళ్ళ వీధి మెయిన్ రోడ్డుకు కనబడుతుంది.

కార్డు చొక్కా మార్చినప్పుడు బీరువాలో ఉండిపోయింది. రేపు గుర్తుగా పెట్టుకోవాలి.

25 మార్చి, ఆదివారం, పొద్దున

22 వేశాను. బిర్యానీ ఉంది కదా. ఇడ్లీ రెండు చాల్లే, కడుపులో చోటుండాలి.

జమీలా అడ్డు తగిలింది. "సూదిలో గీత పైకుందేంటి అన్నయ్యా?" అంది. ఈవిడకు అన్నీ కావాలి.

28 మార్చి, బుధవారం

ఈ రోజు రాస్తున్నాను. చెయ్యి ఇప్పుడే నిలబడింది.

వెళ్ళేటప్పుడు చీరాలలో వాళ్ళ వీధి చివర చూశాను. ఎవరూ లేరు. ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. కార్డు బీరువాలోనే మరిచిపోయాను.

పదకొండింటికి వాడరేవులో కూర్చున్నాం. ఒడ్డుకు లాగిన పడవ నీడలో చాప. వేయించిన చేపలు వస్తూనే ఉన్నాయి. చేపల్లో ఏముంది, ఉప్పూ కారమే. బిర్యానీ తేవడానికి చీరాల వెళ్ళిన జీపుకు టైరు పంక్చరైంది. రెండైంది, మూడైంది. నేను మూడు పెగ్గుల దగ్గర ఆపాను. నిజంగానే ఆపాను. ఆ తర్వాత జరిగినవి కొన్ని గుర్తున్నాయి, కొన్ని వాళ్ళు చెప్పారు.

సముద్రం రెండుగా కనబడింది. చొక్కా తడిసిపోయింది. పక్క కొట్టులో వేలాడుతున్న బిస్కెట్ పొట్లాల వైపు నడిచానట. "కూల్ డ్రింకు ఇప్పించరా" అని శ్యామ్ సుందర్ కాలర్ పట్టుకున్నానట. వాడు నా చెయ్యి విడిపించి, "తీపి తాగితే ఇంకా నెత్తికెక్కుద్దిరా, వద్దు. పులుపు పడాలి" అని, పక్క గుడిసెలో అడిగి ఉప్పు మజ్జిగ తెచ్చి, నిమ్మకాయ పిండి మరీ పట్టించాడట. వాడు ప్రేమతోనే చేశాడు. మా వైపు ఎవడైనా అదే చేస్తాడు, నేనైనా అదే చేసేవాణ్ణి. మజ్జిగ తాగించి పడవ నీడలో పడుకోబెట్టారు. బిర్యానీ వచ్చాక లేపి నాలుగు ముద్దలు తినిపించారట. ఆ నాలుగు ముద్దలే అప్పటికి కాపాడాయి. రాత్రి జమీలా షాపు కట్టేశాక మేడ ఎక్కించి, ఫ్యాను వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. "పొద్దునకల్లా దిగిపోద్దిలే" అనుకున్నారట.

సోమవారం పండగ. యార్డు లేదు. అంకమ్మరావు ఏడని అడిగేవాడు గుంటూరులో ఒక్కడు లేడు. నేను ఎప్పటికి లేచేవాణ్ణో, అసలు లేచేవాణ్ణో, ఎవరికీ అవసరం లేదు. ఇది జాలి కోసం రాయడం లేదు, ఉన్న సంగతి.

జమీలా ఏడున్నరకు నా సీసా బయటికి తీసి కౌంటరు మీద పెట్టిందట. రోజూ అంతే చేస్తుంది. ఎనిమిదైంది, సీసా అక్కడే ఉంది. ఆరు నెలల్లో ఏ పొద్దునా అలా జరగలేదట. షాపు అలాగే వదిలేసి మేడెక్కింది. నేను మంచం పక్కన నేల మీద ఉన్నాను. పిలిస్తే మూలిగానట, కళ్ళు తిరిగాయట. గటగటా ఏదీ పోయలేదు ఆవిడ. పంచదార తడిపి వేలితో బుగ్గ లోపల రుద్దింది, రుద్దుతూనే ఉంది. మింగడం మొదలుపెట్టాక చెంచాతో కూల్ డ్రింకు. ఆ తర్వాత ఆటోలో ఆస్పత్రికి.

"మా ఆయన్ని పక్కింటోళ్ళు తాగున్నాడని అరుగు మీద వదిలేశారన్నయ్యా" అంది, ఆస్పత్రి బల్ల మీద కూర్చుని. "ఆ రోజు ఆయన తాగలేదు కూడా. నాకు అప్పుడు ఈ సంగతులు తెలియవు." ఆరు నెలలుగా ఆమె ఫ్రిజ్‌లో సీసా పెడుతున్నాను. మీ ఆయన ఎలా పోయాడమ్మా అని ఒక్కసారి అడగలేదు.

ఆస్పత్రిలో నర్సు అడిగింది, "మీ వాళ్ళకు ఫోన్ చేయాలి, నంబరు చెప్పండి" అని. జమీలా నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

30 మార్చి, శుక్రవారం

18. ఇడ్లీ నాలుగు, ముందు ప్లేటు, తర్వాతే సూది.

జమీలా ఈ రోజు సీసా ఇవ్వలేదు. అంటే, పూర్తిగా ఇచ్చేసింది. ఐసు వేసిన డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

"ఇక నా ఫ్రిజ్‌లో పెట్టుకోను. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంది."

"నేనేం తప్పు చేశానమ్మా?"

"మీరు ఎన్నాళ్ళు ఇలా దొంగతనంగా పొడుచుకుంటారు? నేను తొమ్మిదింటికి షాపు కట్టేసి పోతాను. రంజానుకు మా అమ్మగారింటికి పోతాను. మీరు నేనున్న రోజు చూసుకునే పడిపోతారా? వదినగారికి చెప్పండి. చెప్పే దాకా నన్ను సీసా అడగొద్దు."

ఏడుపు వచ్చినంత పనైంది. రోజుకు రెండుసార్లు "తిన్నారా అన్నయ్యా" అనే గొంతు కోసమే నేను ఆ సీసాను అక్కడ ఉంచానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అలవాటు కాదు, పాడూ కాదు.

31 మార్చి

18. 10.

ఫ్రిజ్ తలుపు తీస్తే లైటు వెలుగుతుంది. లోపల ఒక్క సీసా. ఇంకేమీ లేదు.

2 ఏప్రిల్, సోమవారం

శ్యామ్ సుందర్‌కు చెప్పాను. టీ కొట్టు దగ్గర, కార్డు చూపించి. వాడు చదివాడు, మళ్ళీ చదివాడు. "నేను నీకు మజ్జిగ పోశాను కదరా" అన్నాడు. కార్డు తిప్పి వెనక కూడా చూశాడు. తర్వాత "ఒరేయ్, ఈ ఆఖర్న ఖాళీగా ఉందేంట్రా? నా నంబరు రాయనా?" అన్నాడు. రాయొద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడు అడగలేదు.

3 ఏప్రిల్

జమీలా షాపులో ఫోన్ దగ్గర నిలబడి వచ్చేశాను. చేయలేదు. ఎవరో ఉన్నారు. ఎవరూ లేరు, అబద్ధం రాశాను.

5 ఏప్రిల్, గురువారం

18. ఉప్మా. 10. అన్నం, వంకాయ కూర.

చేశాను.

మధ్యాహ్నం నాలుగింటికి. బావగారు తన షాపులో ఉండే వేళ చూసుకుని. జమీలా ఫోన్ నా వైపు తిప్పి, తను క్రేట్లు సర్దడానికి వెనక్కి వెళ్ళింది. కోటేశ్వరే ఎత్తింది.

"ఎవరండీ?"

"నేనే."

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "డాక్టరు ఒక కార్డు ఇచ్చాడు. నేను పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో అందులో రాయాలంట. మీ అన్నయ్య వాళ్ళ నంబరు రాసుకోవచ్చా అని అడుగుదామని" అన్నాను.

"పడిపోవడం ఏంటి?"

చెప్పాను. సెప్టెంబరు నుంచి సూది. జమీలా ఫ్రిజ్. యార్డు. వాడరేవు. ఎక్కడా ఆపలేదు, ఆపితే మళ్ళీ చెప్పలేను.

"ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప" అంది. గొంతులో కోపం. "షాపులో జమీలాకి చెప్పారు. కట్టుకున్నదానికి చెప్పబుద్ధి కాలేదు."

"ఏడుస్తావని."

"ఏడవనివ్వాల్సింది."

నిజమే. ఆమె ఏడుస్తుందని కాదు, తాగుడు మాన్పిస్తుందని చెప్పలేదు. ఆ మాట కూడా అన్నాను.

ఉన్నట్టుండి అడిగింది. "గృహప్రవేశం రోజు కూడా వేసుకున్నారా?"

"వేసుకున్నాను. భోజనం పన్నెండింటికని చెబితే."

"తాగారు కూడా."

"తాగాను. రెండు."

"ఆ రోజు మీరు నన్ను అడిగారండీ" అంది. "తీపి పెట్టవే కోటీ, తీపి పెట్టవే అని నా కొంగు పట్టుకున్నారు. పక్కనే లడ్డూల బుట్ట ఉంది. అందరూ చూస్తున్నారు, నాకు తల కొట్టేసినట్టుంది. తాగినోడికి తీపేంటని మీ చెయ్యి విదిలించేశాను. ఉప్పు మజ్జిగ పోశాను."

నాకు గుర్తు లేదు. ఏదీ గుర్తు లేదు. కానీ ఆ చెయ్యి ఎవరి కొంగు కోసం వెతికిందో విన్నాక స్టూలు లాక్కుని కూర్చున్నాను. "నువ్వేం చేస్తావు, చెప్పనిది నేను కదా" అన్నాను. ఆమె ఏడుస్తోంది. నేను కూడా. వెనక క్రేట్ల చప్పుడు ఆగిపోయింది.

వస్తావా అని అడగలేదు. అడిగే ముఖం ఇంకా రాలేదు. ఆమె కూడా వస్తానని అనలేదు.

"కార్డు దగ్గరుందా?" అంది కాసేపటికి.

"ఉంది."

"పెన్ను?"

జమీలా కౌంటరు మీద వెతికి తీసుకున్నాను.

"రాసుకోండి" అని, ఒక్కో అంకె ఆపి ఆపి చెప్పింది. ఆ నంబరు నాకు ఎప్పటి నుంచో కంఠస్థం. ఆమె చెబుతున్నంతసేపూ తెలియనివాడిలా ఒక్కో అంకె రాసుకున్నాను.

"మళ్ళీ చదవండి, తప్పు రాశారేమో" అంది.

చదివాను.